ఎనభై అక్షరాల కాగితం

ధర్మవరంలో ఫలానా వాళ్ళమ్మాయి ఏం పని చేస్తుందని అడిగితే జవాబు ఒక్క మాటలో తేలిపోవాలి. టీచరనో నర్సనో చెప్పాలి, లేదా మగ్గం అనాలి. అంతకంటే పొడుగ్గా చెప్పాల్సి వచ్చిందంటే అసలు పనే లేదని అర్థం చేసుకుంటారు. చీర చూసే సంజీవప్ప కూతురు ఈశ్వరికి ఒక్క మాటలో చెప్పగలిగే పని ఒకటి ఉండేది: హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకోవడం. దానికి ఊరు అభ్యంతరం చెప్పలేదు. ఆమె ప్రాణం పెట్టుకున్న రెండో పనే ఎవరికీ మింగుడుపడలేదు. ఇరుగుపొరుగు అడిగినప్పుడల్లా వాళ్ళమ్మ లక్ష్మీదేవమ్మ విసుక్కునేది.

"యాడో దేశంకాని దేశంలో ఎవురో చేసిన పనిలో తప్పులు వెతుకుతాదమ్మా. జీతమా, పాడా? అంతా వాళ్ళ నాయన బుద్ధే వచ్చింది. ఆయనకైనా షాపోళ్ళు కూలి ఇస్తాండారు."

నిజానికి ఆ పనిని ఇంతకంటే సరిగ్గా ఇంకెవరూ చెప్పలేకపోయారు.

సంజీవప్ప ఒక పట్టుచీరల షాపులో నేతగాళ్ళు తెచ్చిన చీరల్ని పరీక్షించేవాడు. కిటికీ దగ్గర అడ్డంగా కట్టిన దండెం మీద చీర వేసి, వెలుతురుకు ఎదురుగా జానెడు జానెడు చొప్పున జరుపుకుంటూ పోయేవాడు. తెగిన పోగు కనిపిస్తే అక్కడ ఎర్రదారం ముక్క కట్టేవాడు. ఏమీ కనిపించకపోతే చీటీ మీద పెన్సిలుతో "చూశాను" అని రాసి పక్కన పెట్టేవాడు. ఆ మాట ఉన్న చీరను షాపులో ఎవరూ మళ్ళీ విప్పరు. అయితే ఆ చీటీ మీదే నేసినవాడి పేరు కూడా ఉంటుంది. చీర చేతికి రాగానే సంజీవప్ప చేసే మొదటి పని, ఆ చీటీని చూడకుండా తీసి తొడ కింద పెట్టుకోవడం. చీరంతా అయ్యాకే దాన్ని బయటికి తీసేవాడు.

"పేరు చూసినామంటే ఇంగ చీరను చూడలేమమ్మా" అని చిన్నప్పుడు ఈశ్వరికి చెప్పాడు. ఆ అలవాటు ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఏదో దెబ్బ తినే నేర్చుకుని ఉంటాడని ఆమె అనుకునేది, కానీ అడగలేదు.

ఈశ్వరి తొంభై ఏడులో డిప్లొమా ముగించి, రెండేళ్ళకు ల్యాబులో చేరింది. ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో మిషన్‌ను నడిపే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ దొరికింది. దాన్ని ల్యాబులో మూల పడేసిన పాత మిషన్‌లోకి ఎక్కించి, ప్రిన్సిపాలు రెండుసార్లు చివాట్లు పెట్టేదాకా తీసి చూసి బిగించి చూసి నేర్చుకుంది. రెండు వేల మూడులో ఆమె కంట పడింది ఇంకో సాఫ్ట్‌వేర్. ఒకే మిషన్‌ను గదులు గదులుగా విడదీస్తుంది. ఒక్కో గదిలో ఉన్నవాడికి మిషనంతా తనదే అనిపించాలి, పక్క గదిలో ఏం జరుగుతుందో తెలియకూడదు. వాళ్ళ నాయనకు చెబితే, "ఒకే ఇంట్లో నాలుగు మగ్గాలు, ఒకరి పోగులు ఇంకొకరికి తగలగూడదు, అంతేగదా" అన్నాడు. అంతే మరి.

ఆ సాఫ్ట్‌వేర్‌ ఎవరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్ళు రాసి అందరికీ ఊరికే ఇచ్చేవారు. తప్పు దొరికితే ఎవరో ఒకరు దిద్దుబాటు రాసి అందరికీ మెయిల్ పంపుతారు. దాన్ని ప్యాచ్ అంటారు. తీసేసిన వరుస ముందు మైనస్, చేర్చిన వరుస ముందు ప్లస్ ఉంటాయి. రాసినవాడు కాక ఇంకొకరు దాన్ని చదివి, బాగుందనిపిస్తే కింద తన పేరు పెట్టి "చూశాను" అని ఒక వరుస రాయాలి. ఆ వరుస పడితేనే దిద్దుబాటు అసలు సాఫ్ట్‌వేర్‌లోకి పోతుంది. రాయడానికి ఉత్సాహపడేవాళ్ళు ఎంతమందో. ఇంకొకరు రాసింది ఓపిగ్గా చదివేవాళ్ళే తక్కువ. ఈశ్వరికి ఆ ఓపిక ఇంట్లోనే వచ్చింది.

ఆరేళ్ళలో ఆమె రెండు వందల పైచిలుకు ప్యాచ్‌లు చదివింది. ఆ గుంపుకు పెద్ద ఒక జర్మనీ ఆయన. అరవై దాటినవాడు, మాట పొదుపు, నియమాలంటే పట్టుదల. వరుసకు ఎనభై అక్షరాలు దాటకూడదని అక్కడొక నియమం ఉండేది. దాటినవాళ్ళని ఆయన ఎంతటివాళ్ళనైనా వెనక్కి పంపేవాడు. మొదట్లో ఈశ్వరి తడబడితే నాలుగు మెయిళ్ళలో నిదానంగా నేర్పింది ఆయనే. ముఖం ఎప్పుడూ చూడకపోయినా ఆమె మనసులో ఆయన్ని గురువు స్థానంలో కూర్చోబెట్టుకుంది. అక్కడే వచ్చింది తంటా.

ఆమె చదివేది రైల్లో. ధర్మవరం నుంచి పొద్దున ప్యాసింజరు, సాయంత్రం తిరుగు ప్యాసింజరు. చేతిలో పట్టుకెళ్ళే కంప్యూటర్ కొనే స్తోమత లేదు, ఇంట్లో కరెంటు ఎప్పుడుంటుందో ట్రాన్స్‌ఫార్మరుకే తెలియదు. అందుకని ల్యాబులో మార్కుల జాబితాలు కొట్టే పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు మీద ప్యాచ్‌లు కొట్టుకుని, పక్కన చిల్లులున్న ఆ పొడుగు కాగితాన్ని ఒళ్ళో పరుచుకుని, ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ చదివేది. పెనుకొండలో కరివేపాకు గంపతో ఎక్కే ఈరక్క అవి పరీక్ష పేపర్లని నమ్మకంగా అనుకునేది.

"ఈపొద్దు ఎంతమందిని ఫెయిలు జేసినావు మే?" అని అడిగేది.

"ముగ్గుర్ని" అనేది ఈశ్వరి.

"పాపం, పాసు జేయరాదా. యాడ పిల్లోళ్ళో ఏమో."

ఆ ప్రింటరుకు వరుసకు ఎనభై అక్షరాలే పడతాయి. మిగిలింది కింది వరుసలోకి దిగేది. దానివల్ల మార్కుల గడులు చెదిరిపోతున్నాయని ఈశ్వరే దాని మీటలు తిప్పి, ఎనభై దాటింది అసలు పడకుండా చేసింది. ప్యాచ్‌ల్లో ఎలాగూ ఎనభై దాటవు. అయినా సాయంత్రం "చూశాను" అని రాసే ముందు స్క్రీన్ మీద ఇంకొకసారి పైనుంచి కిందికి చూసుకునేది. మొదటి మూడేళ్ళు తప్పకుండా చూసింది. తర్వాత తర్వాత, చాలావరకు చూసింది.

ఇక తౌసీఫ్ సంగతి. హిందూపురం స్టేషన్ దారిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. పాలిటెక్నిక్‌లో ఈశ్వరికి రెండేళ్ళు జూనియరు, అప్పటినుంచీ "అక్కా" అనే పిలుపు. ఊళ్ళో చిన్నా చితకా వ్యాపారాల వాళ్ళు తమ ఫైళ్ళు అతని దగ్గర పెట్టుకునేవారు. ఒక స్కూలు మార్కులు, ఒక స్టూడియో పెళ్ళి ఫోటోలు, ధర్మవరం జయరాముడి డిజైన్లు. వాటన్నిటికీ వేరు వేరు మిషన్లు పెట్టలేక అవస్థ పడుతుంటే, రెండు వేల ఎనిమిదిలో ఈశ్వరే చెప్పింది, ఒకే మంచి మిషన్ కొని గదులు చెయ్యమని.

"నమ్మొచ్చా అక్కా?"

"నేను ప్రతి వరుసా చదివే పెడతాండా గదా" అంది ఈశ్వరి.

జయరాముడు చీరల అంచులూ కొంగులూ గీసేవాడు. సంజీవప్ప కంటే నాలుగేళ్ళు చిన్న, ఈశ్వరికి వరసకు మామ. ఒకప్పుడు గళ్ళ కాగితం మీద గీసి, మగ్గం ఏ పోగు ఎత్తాలో చెప్పే అట్టలకు చిల్లులు కొట్టించేవాడు. ఆ అట్టలు మగ్గం మీద అరిగిపోయాక పొయ్యిలోకి పోయేవి. తొంభై ఎనిమిదిలో కంప్యూటర్‌ కొన్నాక గళ్ళ కాగితం మానేశాడు. ఇంట్లో మిషన్ వోల్టేజికి రెండుసార్లు కాలిపోవడంతో, గీసిన ప్రతి డిజైన్నూ పెన్‌డ్రైవులో తెచ్చి తౌసీఫ్ దగ్గర దాచుకునేవాడు, ఇంట్లో నకలు ఉంచుకునేవాడు కాదు. పదకొండేళ్ళ పని అక్కడే ఉంది.

రెండు వేల తొమ్మిది ఫిబ్రవరిలో జర్మనీ ఆయన ఒక ప్యాచ్ పంపాడు. చిన్నదే. ఒక గదిని మూసేసినప్పుడు లోపల చెత్త మిగిలిపోతోంది, దాన్ని ఊడ్చే దిద్దుబాటు. గదికీ, బయట అందరి సామాను ఉండే ఉమ్మడి కొట్టుకూ మధ్య ఒక కిటికీ లాంటిది ఉంటుంది. ముందు ఆ కిటికీ మూయాలి, తర్వాత గది ఊడ్వాలి. కిటికీ మూసుకోకపోతే పని అక్కడికక్కడే ఆగిపోవాలి, లేకుంటే చీపురు కిటికీలోంచి బయటికి పోయి ఉమ్మడి కొట్టును కూడా ఊడ్చేస్తుంది. ఈశ్వరి రైల్లో కాగితం మీద చదివింది. కిటికీ మూసే వరుస ఉంది, దాని కింద ఊడ్చే వరుస ఉంది. సరిగ్గానే ఉంది. కాగితం కింద ఎర్ర పెన్నుతో "చూశాను" అని రాసుకుంది.

ఆ సాయంత్రం కాలేజీలో కరెంటు లేదు. రైలుకు పది నిమిషాలుందనగా తౌసీఫ్ సెంటర్‌లోకి దూరి మెయిల్ తెరిచింది. ప్యాచ్ మొత్తం స్క్రీన్ మీదే ఉంది, కిందికి జరిపితే చాలు. పైన ఆయన పేరు కనిపించింది. ఈయన రాసిందాన్ని మళ్ళీ చూడటమేమిటి అనుకుంది. రెండు వేళ్ళతో తన పేరు, ఆ ఒక్క మాట కొట్టి, పంపి, స్టేషన్‌కు పరుగెత్తింది.

ఏప్రిల్‌లో కొత్త వెర్షన్ వచ్చింది. తౌసీఫ్ ఈశ్వరిని అడిగే ఎక్కించాడు. నెల తిరక్కుండా ఫోటో స్టూడియో వాళ్ళు చందా మానేశారు. ఒక ఆదివారం మధ్యాహ్నం తౌసీఫ్ వాళ్ళ గది మూశాడు. ఎవరో ఒక ఫైలు తెరిచి వదిలేయడంతో కిటికీ మూసుకోలేదు. చీపురు ఆగలేదు. ఉమ్మడి కొట్టులో స్కూలు మార్కులు, జయరాముడి పదకొండేళ్ళు ఉన్నాయి. నకళ్ళు పెట్టుకునే డిస్కును కూడా తౌసీఫ్ ఆ కొట్టుకే తగిలించి ఉంచాడు. అదీ ఖాళీ అయ్యింది.

స్కూలు వాళ్ళకు కాగితాల మీద మార్కులున్నాయి కాబట్టి తిట్టి ఊరుకున్నారు. జయరాముడికి ఏమీ లేదు. రెండు రోజులు తౌసీఫ్ సెంటర్ ముందు కుర్చీలో ఊరికే కూర్చుని వెళ్ళాడు. మూడో రోజు ధర్మవరంలో ఎవరో ఆయన చెవిలో వేశారు, తౌసీఫ్ నీ డిజైన్లు వేరే ఊరి షాపుకి అమ్ముకుని, పోయినాయని నాటకమాడుతున్నాడని. గుండె మండిపోయి ఉన్న మనిషికి ఆ మాట పట్టుకోవడానికి దొరికింది. వారంలో ఆ మాట హిందూపురం మార్కెట్ దాకా పాకింది. తౌసీఫ్ దగ్గర ఫైళ్ళున్న వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పెన్‌డ్రైవుల్లో ఎత్తుకుపోసాగారు.

ఈశ్వరి సెంటర్‌కు వెళ్ళినప్పుడు అతను తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నేనే ఏదో తప్పు కొట్టింటానక్కా" అన్నాడు. "కమాండు కొట్టేటప్పుడు ఫోన్ మాట్లాడతా ఉంటి. సాఫ్ట్‌వేర్ తప్పయితే నువ్వు చూసింటావు గదా."

ఆ మాటకు ఈశ్వరి కుర్చీ లాక్కుని మిషన్ ముందు కూర్చుంది. గది మూసే వరుసలుండే ఫైలు తెరిచింది. కిటికీ మూసే వరుస స్క్రీన్ మీద కుడివైపుకు పొడుగ్గా సాగింది. ఎనభై అక్షరాల దగ్గర ఆగలేదు. ఆ తర్వాత ఇంకో ఏడు అక్షరాలున్నాయి. వాటి అర్థం, ఇది జరగకపోయినా పరవాలేదు, ముందుకు పో.

 ఆ ఏడు అక్షరాలు ఆమె కాగితం మీద పడలేదు. జీవితమంతా ఇతరుల వరుసల్ని కొలిచిన మనిషి ఒక్కసారి నియమం తప్పాడు, ఆ ఒక్కసారి ఈశ్వరి చూడలేదు.

"ఏమన్నా కనపడిందా?" అన్నాడు తౌసీఫ్.

"ఇంకా చూడల్ల" అంది. ఆమె అతనితో ఆడిన మొదటి అబద్ధం అది.

మర్నాడు ల్యాబులో కూర్చుని ఆ ఏడు అక్షరాలు తీసేసే ప్యాచ్ రాసి అందరికీ పంపింది. ప్రమాదం ఎలా జరుగుతుందో వివరంగా రాసింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఈ వరుసను చూశానని సంతకం పెట్టింది నేనే అనే ముక్క మాత్రం లేదు. జర్మనీ ఆయన గంటలో జవాబిచ్చాడు. తప్పు పూర్తిగా తనదేననీ, వయసు మీద పడుతోందేమోననీ, ఇంత జాగ్రత్తగా చదివి పట్టుకున్నందుకు ఈశ్వరికి రుణపడ్డాననీ రాశాడు. ఇంకొకాయన, ఆ భాగమంతా ఇకమీదట ఈశ్వరికే అప్పగిద్దామన్నాడు. నలుగురు సరేనన్నారు. ఆరేళ్ళుగా ఆమె లోలోపల కోరుకున్నది అదే.  సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, అయినా ఆ మెయిల్‌ను రెండోసారి చదివింది. మనిషి బుద్ధి అలాంటిది.

అక్కడ పొగడ్తలు, ఇక్కడ తౌసీఫ్‌ను దొంగంటున్నారు. మధ్యలో ఉన్న నిజం ఈశ్వరికి తప్ప ఎవరికీ తెలియదు. చెబితే తౌసీఫ్ పేరు నిలబడుతుంది, తన మాట పోతుంది. చెప్పకపోతే ఎవరూ కనిపెట్టలేరు. ధర్మవరంలో ఆ వరుస చదవగలవాళ్ళు లేరు, జర్మనీలో తౌసీఫ్ ఎవరో తెలిసినవాళ్ళు లేరు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని పద్దెనిమిది రోజులు గడిపింది. సాయంత్రాలు సెంటర్ దారి మాని వెనక సందులోంచి స్టేషన్‌కు పోవడం మొదలుపెట్టింది. రైల్లో కాగితం ముట్టలేదు.

"పరీక్షలైపోయినాయా మే?" అంది ఈరక్క. ఈశ్వరి కిటికీ వైపు తిరిగింది.

చివరికి జయరాముడే ఒక దారి పెట్టాడు. పెనుకొండ బాబయ్య దర్గా దగ్గర తౌసీఫ్ ప్రమాణం చేయాలి. ఆ దర్గా అంటే ఇద్దరికీ గురి. అక్కడ అబద్ధమాడే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ధర్మవరం నుంచి ఒక పెద్దమనిషి సాక్షిగా రావాలన్నారు. జయరాముడు సంజీవప్పను అడిగాడు. తౌసీఫ్ వెంటనే ఒప్పుకున్నాడు.

బుధవారం సాయంత్రం సంజీవప్ప ఇంట్లో ఆ సంగతి చెప్పి, "ఆ పిల్లోడు డిజైన్లు అమ్ముకోలేదంటాడు, నా చేతి తప్పుతోనే పోయినాయంటాడు. అదే ప్రమాణం జేస్తాడంట. పాపం, నిజమే అనిపిస్తాది నాకు" అన్నాడు.

ఈశ్వరి అన్నం ముద్ద కంచంలో పెట్టేసింది. తౌసీఫ్ చేతి తప్పు కాదది. చేయని తప్పును చేశానని, మనస్ఫూర్తిగా నమ్మి, అక్కడ నిలబడి చెప్పబోతున్నాడు.

"నేనూ వస్తా నాయనా" అంది.

గురువారం పొద్దున దర్గా ఆవరణలో నలుగురే ఉన్నారు. తౌసీఫ్ తెల్ల చొక్కా వేసుకుని, తలకు రుమాలు కట్టుకుని వచ్చాడు. మనిషి సగమయ్యాడు. జయరాముడు అతని ముఖం చూడకుండా, "చెప్పు నాయనా" అన్నాడు.

తౌసీఫ్ గడప ముందు నిలబడి దువాకు చేతులు చాచాడు. "జయరామన్న డిజైన్లు నేను ఎవురికీ అమ్ముకోలేదు, ఇయ్యలేదు. నా చేతి..."

"తౌసీఫ్, ఆగు" అంది ఈశ్వరి.

 సంచిలోంచి మడతపెట్టిన పొడుగు కాగితం తీసింది. "నీ చేతి తప్పు గాదు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తప్పుండాది. దాన్ని నేను చూసినానని రాసినా. సగం చూసి రాసినా."

 సంజీవప్ప చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా అలవాటుగా వెలుతురుకు ఎత్తిపట్టి, పైనుంచి కిందికి చూశాడు. అడుగున ఎర్ర పెన్నుతో తెలుగులో రాసిన ఒక్క మాట దగ్గర ఆయన చూపు ఆగింది.

"యాడమ్మా తప్పు?"

"కాగితం మీద లేదు నాయనా. ఈ వరుస ఈ అంచు దాటి పోయింది. దాటింది ప్రింటరులో పడలేదు."

"మరి మిషన్‌లో తీసి చూడల్ల గదా. నువ్వు మళ్ళీ చూస్తావు గదా ఎప్పుడూ?"

"ఈసారి చూడలేదు."

"ఎందుకు?"

 "పేరు చూసినా నాయనా" అంది.

సంజీవప్ప కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.  అరిచి ఉంటే బాగుండునని ఆమె ఎన్నాళ్ళో అనుకుంది.

మాట్లాడింది జయరాముడు. "ముప్పై ఏండ్లుగా మీ నాయన చూసినానంటే నేను ఆ చీర విప్పలే. నువ్వు ఆయన కూతురివని, నువ్వు చూస్తాండావని తౌసీఫ్ చెబితేనే నా పని ఆ కొత్త మిషన్‌లో పెట్టనిచ్చినా" అన్నాడు. తిట్టినట్టు లేదు, జరిగింది తనకు తాను చెప్పుకుంటున్నట్టుంది. తర్వాత తౌసీఫ్ దగ్గరికి పోయి, అతని రెండు చేతులూ పట్టుకుని, "తప్పుగా అనుకున్నా నాయనా" అన్నాడు. తౌసీఫ్ ఏడ్చేశాడు.

బస్టాండుకు నడిచేటప్పుడు తౌసీఫ్ ఆమె పక్కకు వచ్చాడు.

"నీకు తెలిసి ఎన్ని దినాలయింది?"

"పద్దెనిమిది."

 "పద్దెనిమిది దినాలు నా చేతిని నేనే తిట్టుకుంటా ఉంటినక్కా" అన్నాడు. అతను ఆమెను అక్కా అని పిలవడం అదే ఆఖరు. ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా మర్యాదగా "మేడమ్" అనేవాడు. హిందూపురం అతన్ని దొంగ అనడం మానేసింది గాని, ఎత్తుకుపోయిన ఫైళ్ళు మాత్రం ఎవరూ వెనక్కి తేలేదు. ఆ ఏడాది చివర సెంటర్ మూసి సెల్‌ఫోన్లు అమ్మడం మొదలుపెట్టాడు.

దర్గా నుంచి వచ్చిన మర్నాడే ఈశ్వరి గుంపుకు ఒక మెయిల్ రాసింది. ఈసారి ఏదీ దాచలేదు. ప్రింటరు సంగతి, పేరు చూసి ఊరుకున్న సంగతి, పద్దెనిమిది రోజుల సంగతి అన్నీ రాసింది. ఆరేళ్ళలో తాను "చూశాను" అన్న వాటిలో వేటిని స్క్రీన్ మీద మళ్ళీ చూసిందో, వేటిని చూడలేదో ఇప్పుడు చెప్పలేననీ, అందుకని అన్నిటి మీదా తన మాట వెనక్కి తీసుకుంటున్నాననీ, దయచేసి ఇంకెవరైనా మళ్ళీ చదవమనీ అడిగింది. పంపే మీట నొక్కడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

జర్మనీ ఆయన, ఇంత శిక్ష అక్కర్లేదని రాశాడు. ఇంకొకాయన మాత్రం, నీ మాట నమ్మి మేం నడిపిన మిషన్ల సంగతేమిటని ముఖం మీదే అడిగాడు.  నెల రోజులు ముగ్గురు కూర్చుని రెండు వందల పైచిలుకూ మళ్ళీ చదివారు. ఇంకే తప్పూ దొరకలేదు. ఆమె మనసు తేలికపడలేదు. దొరకకపోవడం తన గొప్ప కాదని ఆమెకు తెలుసు. ఆ భాగాన్ని ఆమెకు అప్పగించే ప్రస్తావన మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పోయిన డిజైన్లకు మిగిలిన దారి ఒకటే. అవి చీరల్లో ఉన్నాయి. ఎవరెవరి పెళ్ళిపెట్టెల్లోనో, బీరువాల్లోనో. ఏ చీర ఏ ఇంటికి పోయిందో సంజీవప్పకు కొంత గుర్తుంది. ఆయన కూతురితో ఆ సంగతి మాట్లాడకుండానే కదిరి, సోమందేపల్లి తిరిగి, బతిమాలి, ఒక్కో చీర అడిగి తెచ్చేవాడు. ఆదివారాలు జయరాముడి వసారాలో ఆ చీరను దండెం మీద వేసి, పోగులు లెక్కపెట్టి, గళ్ళ కాగితం మీద మళ్ళీ గీసే పని ఈశ్వరి తన మీద వేసుకుంది. అంగుళం అంచుకు ఒక పూట పట్టేది. పదకొండేళ్ళలో ఎన్ని తిరిగి వస్తాయో ఎవరికీ తెలియదు. చాలా చీరలు ఏ ఊరు పోయాయో కూడా తెలియదు.

మొదటి అంచు, హంసల వరుస, నాలుగు ఆదివారాలకు పూర్తయింది. ఈశ్వరి కాగితం తీసుకెళ్ళి జయరాముడికి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు గాని కాగితం వైపు చూడలేదు.

"చూసినావా?" అన్నాడు.

ఆరేళ్ళు ఆమె ఆ మాటను రైలు అందుకునే హడావిడిలో కూడా రాసింది. ఇప్పుడు నాలుక తిరగలేదు. హంసలన్నీ సరిగ్గానే ఉన్నాయని ఆమె నమ్మకం. చెయ్యి చాచింది.

"ఇంగోసారి చూస్తా మామా."

జయరాముడు కాగితం వెంటనే వదల్లేదు. "చూడు" అన్నాడు. "నీ తర్వాత మీ నాయన చూస్తాడు."

దండెం అవతల సంజీవప్ప చీర అంచు సవరిస్తున్నాడు, తల ఎత్తలేదు. ఈశ్వరి కాగితం తెచ్చుకుని కింద కూర్చుని, మొదటి పోగు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.